డెయిరీ కాలనీలో రాజకీయ జ్వరం

మలేరియా ఇన్‌స్పెక్టర్ ముక్తేశ్వరరావు ఇరవయ్యారేళ్ళ సర్వీసులో చూడని జ్వరం లేదు. చలిజ్వరం, విషజ్వరం, ఆడిట్ వస్తోందనగానే ఆఫీసులో సగంమందికి వచ్చే జ్వరం, అన్నీ చూశాడు. అందుకే ఆ సోమవారం మీటింగులో జిల్లా అధికారి డాక్టర్ సత్యవ్రతం గారు కొత్త జ్వరం ఒకటి వచ్చిందని ప్రకటించినప్పుడు, ఆయన కంగారు పడకుండా ఫైలు చాటున ఉన్న సమోసా పూర్తి చేశాడు.

"ప్రభుత్వం వారు సమగ్ర అధ్యయనం జరిపిన మీదట," అని డాక్టరుగారు కాగితం చూసి చదివారు, "ప్రజల్లో ప్రబలుతున్న రాజకీయ విద్వేషాన్ని ఇకమీదట ప్రజారోగ్య సమస్యగా పరిగణించవలెనని నిర్ణయించడమైనది. సదరు వ్యాధికి రాజకీయ జ్వరం అని నామకరణం చేయడమైనది. ఇది ఇంట్లో ఒకరికి వచ్చిన మిగతావారికి అంటుకొనును. టీవీ దగ్గర ఎక్కువగానూ, కంచాల దగ్గర మరీ ఎక్కువగానూ వ్యాపించును."

హాల్లో ఎవరూ నవ్వలేదు. సమగ్ర అధ్యయనం జరిగాక నవ్వితే మెమో వస్తుంది.

"మరి ఫారాలు, సార్?" అన్నాడు ముక్తేశ్వరరావు. ఆ డిపార్టుమెంటులో ముందు ఫారం పుడుతుంది, తర్వాతే జబ్బు.

"కొత్త ఫారాలు ముద్రణలో ఉన్నవి. అంతవరకు మలేరియా ఫారాలే వాడవలెను. 'నిల్వ నీరు' అన్నచోట నిల్వ ఉన్న వాట్సాప్ మెసేజీలు అని చదువుకోండి. 'లార్వా' అన్నచోట..." డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లార్వా అలాగే ఉంచండి."

మిగతా కార్యక్రమం కూడా పాతదే. శుక్రవారం డ్రై డే. ఇదివరకు ఆ రోజు జనం తొట్లు బోర్లించి ఆరబెట్టేవారు, ఇప్పుడు ఫోన్లు ఖాళీ చెయ్యాలి. ఇదివరకు నీటిగుంటల్లో లార్వాని తినే గంబూషియా చేపల్ని వదిలేవారు. ఇప్పుడు ప్రతి వాట్సాప్ గుంపులోనూ, పొద్దున్నే గులాబీపువ్వుతో శుభోదయం పంపే రిటైర్డు ఉద్యోగుల్ని ఇద్దరేసి చొప్పున వదలాలి. వాళ్ళు మూడు పూటలా పువ్వులు పంపిస్తుంటే రాజకీయం దానంతటదే ఊపిరాడక చస్తుందని పై అధికారుల అంచనా. టీకొట్ల దగ్గర పేపరు చదివే వేళకి ఫాగింగ్ చెయ్యాలి. పొగలో ఎదుటి మనిషి కనిపించడు కాబట్టి వాదన ఆగుతుంది.

జ్వరం కొలిచేందుకు కరోనా కాలంలో మిగిలిపోయిన వేలి యంత్రాలు బీరువానిండా ఉన్నాయి. మనిషి వేలికి యంత్రం తగిలించి, ఎమ్మెల్యేగారి ఫొటో ఒకసారి, మాజీ ఎమ్మెల్యేగారి ఫొటో ఒకసారి చూపించాలి. నాడి నూరు దాటితే కేసు.

"సార్, మలేరియాకి దోమ ఉంది. మరి దీన్ని మోసుకొచ్చేదెవరండీ?" అంది వెనక బెంచీలో ల్యాబ్ టెక్నీషియను.

"వాహకం గురించి ప్రస్తుతానికి ఆరా తీయనవసరం లేదని పైనుంచి స్పష్టమైన ఆదేశాలున్నవి," అన్నారు డాక్టరుగారు. "ఇంకో మాట. సిబ్బంది కొరత దృష్ట్యా కాలవల్లో మందు కొట్టడం తాత్కాలికంగా నిలిపివేయడమైనది."

ముక్తేశ్వరరావుకి వచ్చిన ఏరియా మూడో వార్డు, పాత డెయిరీ కాలనీ. అందులోనే ఆయన ఇల్లు. దాని పక్కనే, ఒకే ప్రహరీగోడకి అవతల, ఆయన అక్క అనసూయ ఇల్లు. ఆ ఇంట్లో బావ భీమశంకరం, రిటైరైన లెక్కల మాస్టారు.

బావా బావమరుదులు మాట్లాడుకుని రెండేళ్ళు దాటింది. ఓట్ల లెక్కింపు రోజున భీమశంకరం ఇంట్లో అందరూ టీవీ ముందు పెసరట్లు తింటున్నారు. భీమశంకరానిది తిరగలి పార్టీ. ముక్తేశ్వరరావు ప్రభుత్వోద్యోగి కాబట్టి ఆయనకి పార్టీ లేదు, జల్లెడ గుర్తంటే అభిమానం మాత్రమే. తిరగలి ఆధిక్యం ముప్ఫైవేలు దాటగానే భీమశంకరం బావమరిది కంచంలో ఇంకో అట్టు వేస్తూ, "తినరా, మీ జల్లెడలో మిగిలింది ఇదే," అన్నాడు. ముక్తేశ్వరరావు చెయ్యయినా కడుక్కోకుండా లేచి ఇంటికొచ్చేశాడు. అప్పటినుంచి మాటలన్నీ గోడమీదుగా అనసూయ చేతుల్లోంచే నడుస్తున్నాయి.

అదీ అలవాటైపోయింది. కానీ వైశాఖంలో మేనకోడలు పూర్ణిమ పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది మేనమామ. పూర్ణిమ పుట్టిన రోజున ఆస్పత్రి నుంచి ఆ పిల్లని ఇంటికి ఎత్తుకొచ్చింది ముక్తేశ్వరరావే. ఆ గంప పట్టుకోవాలని ఆయన ఇరవయ్యారేళ్ళుగా అనుకుంటున్నాడు. ఈమధ్య నడుం పట్టేస్తుంటే పెళ్ళి కుదిరిననాటినుంచి రోజూ బియ్యం మూట ఎత్తి దించి అభ్యాసం కూడా చేస్తున్నాడు.

"జల్లెడ పట్టుకున్న చేత్తో నా కూతురి గంప పట్టుకోడానికి వీల్లేదు," అన్నాడు భీమశంకరం. రాజమండ్రి నుంచి వేలువిడిచిన మేనమామ ఒకాయన్ని పిలిపిస్తున్నాడు. ఆయనకి అరవై తొమ్మిదేళ్ళు, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు.

సర్వే మొదలైంది. కాలనీవాళ్ళు భయపడతారనుకున్నాడు ముక్తేశ్వరరావు. వాళ్ళు పోటీ పడ్డారు.

"నూటపద్ధెనిమిదేనా?" అన్నాడు రిటైర్డు తాసిల్దారు వైకుంఠరావు వేలి యంత్రాన్ని తట్టి చూస్తూ. "ఎదురింటి ఎల్ఐసీ ఆయనకి నూటముప్ఫై వచ్చిందటగా?"

"వచ్చిందండి."

"ఆయన ఓటు కూడా వెయ్యడయ్యా! నేను ఎండలో రెండు గంటలు లైన్లో నిలబడి వేసినవాణ్ణి. నాకు తక్కువ రావడమేంటి? ఇంకోసారి చూడు. ఆ ఫొటో కాస్త దగ్గరగా పెట్టు."

దగ్గరగా పెడితే నూటఇరవైనాలుగు వచ్చింది. వైకుంఠరావు సంతృప్తి పడి కాఫీ ఇప్పించాడు. మర్నాటికల్లా కాలనీలో నూరు లోపు వచ్చినవాళ్ళు తలెత్తుకు తిరగలేక డాబాల మీద వడియాలు ఎండబెట్టుకుంటూ ఉండిపోయారు.

ప్రతి ఇంటి తలుపు పక్కనా గోడమీద మలేరియావాళ్ళ గళ్ళ ముద్ర ఒకటుంటుంది. తనిఖీకి వెళ్ళిన ప్రతిసారీ అందులో తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాలి. బావగారి గోడమీద ముక్తేశ్వరరావు తేదీ వేసి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆ ఇంటికి మాత్రం మరొకర్ని పంపేవాడు. ఇప్పుడు స్వయంగా వెళ్ళక తప్పలేదు.

భీమశంకరం అరుగుమీద కుర్చీలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మధ్యలో అనసూయ నిలబడింది.

"అక్కా, బావగారిని వేలు ఇమ్మను."

"మీ తమ్ముణ్ణి ముందు తనది చూసుకోమను," అన్నాడు పేపరు వెనకనుంచి భీమశంకరం.

"మీ ఇద్దరి మధ్యా నా గొంతు పోతోంది," అంది అనసూయ. యంత్రం లాక్కుని ముందు మొగుడి వేలికీ, తర్వాత తమ్ముడి వేలికీ తనే తగిలించింది. మొగుడికి మాజీ ఎమ్మెల్యే ఫొటో చూపిస్తే నూటనలభై. తమ్ముడికి ఎమ్మెల్యే ఫొటో చూపిస్తే నూటనలభై ఒకటి.

"ఒకటి ఎక్కువ!" అన్నాడు ముక్తేశ్వరరావు ఆపుకోలేక.

"యంత్రం వాళ్ళ ఆఫీసుదేగా," అన్నాడు పేపరు వెనకనుంచి మాస్టారు.

రెండోవారంలో ఇంకో సర్క్యులర్ వచ్చింది. రోడ్లు, మంచినీళ్ళు, కాలవలు మొదలగు వాటి గురించి గొంతు పెంచి మాట్లాడుట వ్యాధి తొలి లక్షణమట. అలాంటివారిని గుర్తించి, తలుపుకి ఎర్ర చీటీ అంటించి, పదిరోజులు పలకరింపులు లేకుండా ఉంచాలి.

మందు కొట్టక, పూడిక తీయక డెయిరీ కాలనీ కాలవ అప్పటికే పొంగుతోంది. అనసూయ గోడమీదనుంచి తల పెట్టి, "ఒరే ముక్తేశం, కాలవ నీళ్ళు తులసికోట దాకా వచ్చాయిరా!" అంది.

"మెల్లిగా చెప్పక్కా. గొంతు పెంచితే తొలి లక్షణం."

"మెల్లిగా చెబితే కాలవ దిగుతుందా?"

"కాలవ దిగదు. కేసు దిగుతుంది."

నెలాఖరుకి మున్సిపాలిటీకి కాలవల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. మున్సిపల్ ఇంజినీరుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ సభలో ఆయన ఒంటిచేత్తో దండ పట్టుకుని, రెండోచేత్తో దోమల్ని కొట్టుకుంటూ ధన్యవాదాలు చెప్పాడు.

పెళ్ళి పన్నెండు రోజులుందనగా అసలు దెబ్బ పడింది. నూరుమంది దాటే ఏ వేడుకకైనా జ్వర రహిత ధ్రువపత్రం ఉంటేనే ఫంక్షన్ హాలు ఇవ్వాలి. శుభకార్యంలో ముఖ్యపాత్ర వహించే బంధువులందరి నాడీ నూరు లోపే ఉండాలి. పెళ్ళికూతురి తండ్రి నూటనలభై.

అనసూయ ఏడ్చుకుంటూ వస్తే ముక్తేశ్వరరావు డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడి, చికిత్స చేయించడానికి ఆయన్నే కాలనీకి తీసుకొచ్చాడు. ప్రహరీగోడకి చెరోవైపు ఇద్దర్నీ కూర్చోబెట్టారు.

"రోగి ఎదుటి పార్టీ గురించి మూడు మంచి మాటలు మనస్ఫూర్తిగా పలకవలెను," అన్నారు డాక్టరుగారు. "మాస్టారూ, కానివ్వండి."

భీమశంకరం చాలాసేపు కొబ్బరిచెట్టు వంక చూశాడు. ముప్ఫైనాలుగేళ్ళు లెక్కలు చెప్పినాయనకి మూడు దాకా రావడం ఇంత కష్టమవుతుందని ఎవరూ అనుకోలేదు.

"జల్లెడ పార్టీ జెండా... ఉతికినా రంగు దిగదు."

"ఒకటి."

"వాళ్ళ ఆఫీసు ముందు నీడ ఉంటుంది. స్కూటరు పెట్టుకోవచ్చు."

"రెండు. భేష్."

మూడోదానికి మాస్టారి నుదుటిమీద చెమట పట్టింది. వేలి యంత్రం కీచుమంటోంది. "వాళ్ళు... వాళ్ళు ఓడిపోయినప్పుడు చక్కగా ఉంటారు."

"విఫలం," అని రాసుకున్నారు డాక్టరుగారు. "ముక్తేశ్వరరావు గారూ, మీ వంతు."

"తిరగలి పార్టీ మైకు దూరంనుంచి వింటే పాటలాగే ఉంటుందండి," అన్నాడు ముక్తేశ్వరరావు. "వాళ్ళ మీటింగు పులిహోరలో జీడిపప్పు ఉంటుంది." తర్వాత ఆగిపోయాడు. గోడకి అవతల బావ దగ్గు వినపడింది. "వాళ్ళలో మా బావ ఒకడున్నాడు," అన్నాడు.

డాక్టరుగారి కలం ఆగింది. "ఇది మంచి మాటా, ఆరోపణా?"

గోడకి అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. మాస్టారు లోపలికి వెళ్ళిపోయాడు. డాక్టరుగారు 'అస్పష్టం' అని రాసుకుని జీపెక్కారు.

ఆఖరికి దారి చూపించింది ఆ సర్క్యులరే. పదిహేడో పేజీలో చిన్న అక్షరాల్లో, ప్రజాప్రతినిధులు, మాజీ ప్రజాప్రతినిధులు హాజరగు వేడుకలకు మినహాయింపు అని ఉంది. భీమశంకరం ఎమ్మెల్యేగారికి శుభలేఖ ఇచ్చొచ్చాడు. ఆ సంగతి అనసూయ చెప్పగానే ముక్తేశ్వరరావు మాజీగారికి ఇచ్చొచ్చాడు. మినహాయింపు అవతలి పార్టీ పుణ్యాన వచ్చిందనిపించుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు.

పెళ్ళిరోజున పదిన్నరకి, కాలనీ చివరనున్న స్నేహ ఫంక్షన్ హాలు ముందు తెల్లకారు ఆగింది. భీమశంకరం దండతో పరిగెత్తాడు. ఒక తలుపులోంచి ఎమ్మెల్యే దిగాడు. ముక్తేశ్వరరావు తన దండ పట్టుకుని రెండో కారుకోసం రోడ్డువైపు చూస్తున్నాడు. అదే కారు రెండో తలుపులోంచి మాజీ ఎమ్మెల్యే దిగాడు.

"మా డ్రైవరు సెలవు పెట్టాడయ్యా," అన్నాడు మాజీ. "దారేగదా అని వీడి కారెక్కేశా."

ఇద్దరూ భుజాలమీద చేతులేసుకుని లోపలికి నడిచారు. డాక్టర్ సత్యవ్రతం గారు పరిశోధన నిమిత్తం ఇద్దరి వేళ్ళకీ యంత్రాలు తగిలించి, ఒకరి ఫొటో ఒకరికి చూపించారు. డెబ్బైరెండు. డెబ్బైరెండు.

"అద్భుతం! సహజ రోగనిరోధక శక్తి!" డాక్టరుగారు కలం తీశారు. "వీరి రక్తంనుంచి టీకా తయారు చేయవచ్చునని ప్రభుత్వం వారికి ప్రతిపాదన పంపెదను. దయచేసి ఆ యంత్రాలు తీయకండి, పూర్తి రీడింగు కావలెను."

యంత్రాలతోనే ఇద్దరూ టిఫినుకి కూర్చున్నారు. భీమశంకరం ఒక స్తంభం పక్కన, ముక్తేశ్వరరావు ఇంకో స్తంభం పక్కన నిలబడి చూస్తున్నారు. మాజీ ఎమ్మెల్యే చెయ్యి చాచి ఎమ్మెల్యే ఆకులోంచి గారె తీసుకున్నాడు. ఎమ్మెల్యే తన చట్నీ కూడా అటు జరిపాడు.

కాసేపటికి భీమశంకరం వచ్చి బావమరిది పక్కన నిలబడ్డాడు. మధ్యలో అనసూయ లేదు.

"వాడి ఆకులోంచి గారె తీసుకున్నాడ్రా," అన్నాడు.

"చూశాను బావా."

"అడక్కుండా తీసుకున్నాడు."

"అవును బావా."

"రెండేళ్ళు." భీమశంకరం రెండు వేళ్ళు చూపించాడు. "ఆవేళ పెసరట్టు సగంలో వదిలేసి వెళ్ళావు. మీ అక్క ఆ కంచం సాయంత్రం దాకా తియ్యలేదు."

ముక్తేశ్వరరావు స్తంభం వదిలి బావవైపు తిరిగాడు.

"రాజమండ్రి ఆయన గంప చూసి కూర్చుండిపోయాడు, ఇక లేవడట. పద. ఒక పక్క నువ్వు పట్టుకో, ఒక పక్క నేను పడతా. నాకూ నడుం అంతంతమాత్రమే. అది నీ మేనకోడలు, తక్కువ బరువుందా?"

పెళ్ళికూతురి గదికీ మండపానికీ మధ్య పెరడు. కాలవ పొంగి పెరడంతా చీలమండల లోతున నల్లటి నీళ్ళు నిలిచాయి. పంచెలు ఎగ్గట్టి, పూర్ణిమ కూర్చున్న గంపని ఇద్దరూ ఎత్తి ఆ నీళ్ళలోంచి నడిపించుకొచ్చారు. అటువైపు మండపం మెట్ల దగ్గర ముందు వరస కుర్చీలు. వాటిలో ప్రజాప్రతినిధులిద్దరూ కిళ్ళీ నములుతున్నారు.

అక్కడికొచ్చేసరికి ముక్తేశ్వరరావు ఆగాడు. భీమశంకరమూ ఆగాడు.

"ఏమండీ," అన్నాడు ముక్తేశ్వరరావు తను రెండుసార్లు ఓటేసిన మనిషితో, "ఈ నీళ్ళెప్పుడు పోతాయండీ?"

"ఏమండీ," అన్నాడు భీమశంకరం తను మూడుసార్లు ఓటేసిన మనిషితో, "మాదీ అదే ప్రశ్న."

ఎమ్మెల్యే వేలి యంత్రం కీచుమంది. ఆ వెంటనే మాజీది కూడా. డాక్టరుగారు వంగి చూశారు. నూటనలభై ఎనిమిది. నూటయాభై.

"పెళ్ళిలో ఇప్పుడివన్నీ ఎందుకు మాస్టారూ," అన్నాడు ఎమ్మెల్యే. "పరిశీలిస్తాం."

"ఎప్పుడు?" అన్నారు బావా బావమరిదీ ఒకేసారి. వెనకనుంచి వైకుంఠరావు కూడా అన్నాడు. ఆయన పక్కన ఎల్ఐసీ ఆయన కూడా అన్నాడు.

"బాబూ, గంప దించండి, ముహూర్తం!" అని పంతులుగారు మండపంలోంచి కేకేశాడు.

"ఇంకా ఎంతసేపుంది పంతులుగారూ?" అంది పూర్ణిమ గంపలోంచి.

"తొమ్మిది నిమిషాలమ్మా!"

"అయితే తొమ్మిది నిమిషాలు అడగొచ్చు. దించకు మావయ్యా. నాన్నా, నువ్వూ దించకు. నాకిక్కడ పొడిగానే ఉంది."

ఇద్దరు నడుంనొప్పి మనుషులు, అరవైయెనిమిది కిలోల పెళ్ళికూతురు, ముందు ఇద్దరు నాయకులు. నాలుగో నిమిషంలో ఎమ్మెల్యే మున్సిపల్ ఇంజినీరుకి ఫోన్ చేశాడు. ఆరో నిమిషంలో మాజీ అదే ఫోన్ లాక్కుని ఇంకాస్త గట్టిగా చేశాడు. ఎనిమిదో నిమిషంలో గంప మండపమెక్కింది. తలంబ్రాలు పూర్తయ్యేలోపు నీళ్ళు తోడే లారీ వచ్చి హాలు ముందు ఆగింది.

డాక్టర్ సత్యవ్రతం గారు ఆ సందడిలోనే బావా బావమరుదుల వేళ్ళకి యంత్రాలు తగిలించి చూశారు. డెబ్బైనాలుగు, డెబ్బైఆరు. ఎవరికి జబ్బు, ఎవరికి టీకా అన్నది మార్గదర్శకాల్లో దొరక్క, ఆయన భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు.

మూడో రోజుకి ఉత్తర్వులొచ్చాయి. రాజకీయ జ్వరం పూర్తిగా అదుపులోకి వచ్చినందున కార్యక్రమం ముగించడమైనది. అయితే వేర్వేరు పార్టీలవారు ఒకచోట చేరి ఒకే ప్రశ్న అడుగుట అనే కొత్త వ్యాధి మూడో వార్డులో బయటపడినందున, దానిపై తక్షణం సర్వే జరిపి నివేదిక పంపవలెను. ఫారాలు పాతవే వాడవలెను.

ముక్తేశ్వరరావు ఫారాల కట్ట చంకలో పెట్టుకుని బావగారింటికి వెళ్ళాడు. ముందు తలుపు పక్క గళ్ళలో తేదీ వేసి సంతకం పెట్టాడు. తర్వాత అరుగుమీద కూర్చున్నాడు. అనసూయ రెండు కంచాల్లో పెసరట్లు తెచ్చి పెట్టింది.

"వ్యాధి సోకినవారు ఎందరు?" అని ఫారం చూసి చదివాడు ముక్తేశ్వరరావు.

"ఇద్దరు అని రాయి," అన్నాడు భీమశంకరం అల్లం పచ్చడి ఇటు జరుపుతూ.

"కోలుకునే సూచనలు?"

"లేవని రాయి. రాసి, చల్లారకముందే తిను."